వాగు నీరు చెడినప్పుడు రైతు చేయవలసిన పని



ఈవేళ నేను విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని చెప్పబోవటం లేదు. మడిలోకి పారే నీటిని గురించి, ఆ నీటిని కాపాడటానికి వున్న చట్టాలను గురించి నాలుగు మాటలు చెబుతాను. "చట్టాలతో మాకేమి పని? అది వకీళ్ళు చూసుకునే వ్యవహారం" అని మీరు అనవచ్చు. నేనూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నాను. వ్యవసాయ డిప్లొమాలో నేలను గురించి, విత్తనాన్ని గురించి, చీడపీడలను గురించి చదివానేగాని, నీటి చట్టం సంగతి నాకు తెలియదు. ఆ తెలియనితనం వల్ల ఒక రైతు నష్టపోయాడు. ఆ నష్టంలో నా పాలు కూడా వున్నది. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

2019 జనవరి మాట. మా మండలంలో వాగు వొడ్డున రెండెకరాలు సాగుచేసే ఒక పెద్దాయన పిడికెడు వరి నారు పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "సారూ, నారు ఎర్రబడుతున్నది. కొసలు ఎండుతున్నయి. ఏం మందు కొట్టమంటరు?" అని అడిగాడు. అవి చలి రోజులు. యాసంగి నారుమళ్ళలో చలికి నారు ఎదగకపోవటం, జింకు లోపం కనిపించటం మామూలే. నేను పొలం చూడకుండానే, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు చల్లమని చెప్పి పంపించాను.

పదిహేను రోజులకు పెద్దాయన మళ్ళీ వచ్చాడు. "మందు కొట్టిన సారూ, ఫరక్ రాలేదు. వాగు నీళ్ళే జర తేడాగ వున్నయి. ఒక్కసారి వచ్చి చూడుండ్రి" అన్నాడు. "చూద్దాం పెద్దయ్యా" అన్నాను. పని వొత్తిడిలో వెళ్ళలేకపోయాను. తీరా మార్చిలో వెళ్ళి చూద్దును గదా, నాటు వేసిన మళ్ళలో సగం దుబ్బులు చచ్చిపోయి వున్నాయి. గట్ల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పూత. పక్కనే బోరు నీటితో సాగే చేను మాత్రం పచ్చగా వున్నది. వాగు వెంట ఎగువకు నడిచి వెళ్ళాము. ఒక కార్ఖానా గోడ కింద నుంచి వచ్చే కాలువ వాగులో కలిసేచోట నీరు డికాషను రంగులో వున్నది.

అప్పుడైనా ఎవరికి రాయాలో నాకు తెలియదు. ఆ ఆఫీసు, ఈ ఆఫీసు తిరిగి, కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ చేరేసరికి జూలై వచ్చింది. వానలు పడి వాగు నిండుగా పారుతున్నది. మండలివారు వచ్చి తీసిన నమూనాలో దోషమేమీ కనిపించలేదు. నీళ్ళు అబద్ధం చెప్పలేదు. అడగవలసిన రోజున మేము అడగలేదు. పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఈ పంట పోయింది గని సారూ, వచ్చే పంటకన్న ఏం చెయ్యాల్నో తెలుస్తదా?" అని మాత్రం అడిగాడు. ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబు.

తెగులా, నీటి దోషమా?

మొదట రైతు గాని, విస్తరణోద్యోగి గాని ఈ తేడా పట్టుకోవాలి. జింకు లోపమైతే ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. చేలో అక్కడక్కడ కనిపిస్తుంది. మందు చల్లితే కొత్త ఆకు బాగా వస్తుంది. నీటిలో ఉప్పులు ఎక్కువైతే ఆకు కొసలు తెల్లబడి ఎండుతాయి. మడవ దగ్గర, అంటే నీరు మడిలోకి దిగేచోట, నష్టం ఎక్కువగా వుండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. గట్ల మీద తెల్లపూత పేరుకుంటుంది. ఒకే విత్తనం, ఒకే రోజు పోసిన నారు, వాగు కింద చెడిపోయి బోరు కింద బాగుంటే అనుమానం నీటి మీదికే పోవాలి.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి చెబుతాను. రెండు పళ్ళేలలో తడిగుడ్డ పరచి, ఒక్కొక్కదానిలో 50 పెసలు పోయండి. ఒకదానిని మంచి నీటితో, రెండోదానిని వాగు నీటితో తడపండి. మూడో రోజున మొలకలు లెక్కపెట్టండి. రెండో పళ్ళెంలో మొలకలు బాగా తగ్గినా, వేళ్ళు నల్లబడి పొట్టిగా వున్నా ఆ నీటిని పరీక్షకు పంపించవలసిందే. ఇది కోర్టులో చెల్లే సాక్ష్యం కాదు. మనం మేలుకోవటానికి పనికివస్తుంది.

భూసార పరీక్షా కేంద్రంలో గాని, కృషి విజ్ఞాన కేంద్రంలో గాని ఇస్తే నీటి ఉదజని సూచిక, లవణ పరిమాణం కొలిచి చెబుతారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం సాగునీటికి ఉదజని సూచిక 6.0 నుంచి 8.5 లోపు వుండాలి. లవణాలను తెలిపే విద్యుద్వాహకత 2,250 మైక్రోమోలు దాటకూడదు. కాగితం మీద ఈ రెండు అంకెలు చదవటం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో నీటి కాలుష్యం మీద వచ్చిన మొదటి పెద్ద చట్టం 1974 నాటిది. రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళు ఏర్పడింది దానికిందనే. ఆ చట్టం 24వ సెక్షను వాగులో, చెరువులో, బావిలో విషపదార్థాలు కలపటాన్ని నిషేధిస్తున్నది. 25వ సెక్షను ప్రకారం మురుగు నీరు వదిలే ఏ పరిశ్రమ అయినా ముందుగా మండలి సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతి పత్రంలో ఎంత నీరు, ఎట్లా శుద్ధిచేసి, ఎక్కడికి వదలాలో షరతులుంటాయి. 1988లో చేసిన సవరణ వల్ల, షరతులు మీరిన పరిశ్రమను మూయించటానికి, దానికి కరెంటు, నీరు ఆపించటానికి మండలికి అధికారం వచ్చింది.

1976లో పర్యావరణ రక్షణ రాజ్యాంగంలోకి ఎక్కింది. 1981లో గాలి కాలుష్య చట్టం వచ్చింది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమంది ప్రాణాలు తీసిన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. దాని నియమాల్లో, వాగులోకి వదిలే నీటికి సాధారణంగా వుండవలసిన హద్దులు అంకెలతో సహా వున్నాయి. వాటిలో ముఖ్యమైనది బి.ఓ.డి. అనేది. లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు.

ఈ బి.ఓ.డి. అంటే ఏమిటి? పెంటకుప్పలో చెత్తను సూక్ష్మజీవులు తిని కుళ్ళబెడతాయని మీకు తెలుసు. నీటిలో పడిన కుళ్ళు పదార్థాన్ని కూడా అవి అట్లాగే తింటాయి. తినేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. అట్లా ఎంత ప్రాణవాయువు ఖర్చవుతుందో చెప్పే లెక్కే బి.ఓ.డి. అది పెరిగితే చేపలకు వూపిరి అందదు. అందుకే చెడిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ సమయంలో నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా వుంటుంది.

ఇంకొక ముఖ్యమైన సూత్రం: పాడుచేసినవాడే సొమ్ము కట్టాలి. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రి అనే గ్రామంలో రసాయన కార్ఖానాల వ్యర్థాలు భూమిలోకి ఇంకి బావులు చెడిపోతే, 1996లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా చెప్పింది. నష్టపోయినవారికి పరిహారమే కాదు, చెడిన నేలను, నీటిని బాగుచేసే ఖర్చు కూడా పాడుచేసినవారిదే. ఇటువంటి వ్యాజ్యాలు వినటానికి 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది. మన తెలుగు ప్రాంతాల వ్యాజ్యాలు వినే దక్షిణ మండల పీఠం చెన్నైలో వున్నది.

ఈమధ్య వచ్చిన మార్పు ఒకటి కూడా తెలుసుకోండి. గాలి చట్టం కిందా, 1986 చట్టం కిందా చాలా తప్పులకు జైలు శిక్ష తీసివేసి, 2024 ఏప్రిల్ 1 నుంచి 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. దీనివల్ల శిక్ష త్వరగా పడుతుందని కొందరు, పెద్ద కంపెనీకి ఆ సొమ్ము లెక్కకాదని కొందరు అంటారు. ఏది నిజమైనా, తప్పు రుజువు కావాలంటే సాక్ష్యం కావాలి గదా!

నక్కవాగు చెప్పే పాఠం

హైదరాబాదు పక్కనే పటాన్‌చెరు వున్నది. ఒకప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. 1970ల నుంచి అక్కడ మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు పెరిగాయి. వాటి మురుగు నక్కవాగులోకి చేరింది. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర గోదావరిలో కలుస్తుంది. వాగు కిందా, దాని పక్క బావుల కిందా సాగుచేసే గ్రామాల రైతుల పంటలు పోయాయి, పశువులు దెబ్బతిన్నాయి. అక్కడి వైద్యుడు అల్లాని కిషన్‌రావు వంటివారు గ్రామస్థులతో కలిసి ఏండ్ల తరబడి పోరాడారు.

1990లో ఈ సంగతి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కోర్టు ఆజ్ఞలవల్ల రైతులకు పరిహారం వచ్చింది. పరిశ్రమల మురుగును ఒకచోట చేర్చి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం కూడా పనిలోకి వచ్చింది. 2001లో వ్యాజ్యం హైకోర్టుకు, అక్కడినుంచి హరిత ట్రిబ్యునల్‌కు మారింది. ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. లెక్కవేయండి, 27 ఏండ్లు. వ్యాజ్యం వేసిననాడు పుట్టిన పిల్లవాడు అప్పటికి నాగలి పట్టే వయసు దాటాడు.

శుద్ధి కేంద్రం వున్నంతమాత్రాన సరిపోదని కూడా పటాన్‌చెరు చూపించింది. ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండే పాలు కన్నా అది ఎక్కువ. అటువంటి నీటిలో బతికిన సూక్ష్మజీవులకు ఆ మందు అలవాటైపోతుంది. రేపు మనకు జబ్బుచేస్తే మందు పనిచేయదు. ఆ తరువాత అక్కడి నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా హైదరాబాదులోని అంబర్‌పేటకు, అక్కడినుంచి మూసీకి పంపించే ఏర్పాటు చేశారు. మంజీరకు బరువు తగ్గింది. మూసీకి పెరిగింది. మూసీ కింద కూడా రైతులే వున్నారు గదా!

కాబట్టి, కోర్టు న్యాయం చేయగలదు. కాని చెడిన నేలను కోర్టు తీర్పు ఒక్కరోజులో బాగుచేయలేదు. తొలి ఏడాదే పట్టుకున్న కాలుష్యానికీ, ఇరవై ఏండ్లు ఇంకిన కాలుష్యానికీ చాలా తేడా వున్నది.

వానలు తప్పితే విషం చిక్కబడుతుంది

ఇప్పుడు వాతావరణ మార్పు సంగతి. "ఎక్కడో పొగ వస్తే మా వాగుకేమిటి?" అనవద్దు. ఉదాహరణకు ఒక కార్ఖానా రోజుకు 5 లక్షల లీటర్ల మురుగు నీరు వదులుతున్నదనుకోండి. వాగులో 50 లక్షల లీటర్లు పారుతుంటే కలిసిన నీటిలో మురుగు పదకొండో వంతు. వానలు తప్పి వాగులో 5 లక్షల లీటర్లే పారితే మురుగు సగం. కార్ఖానా కొత్తగా చేసిన తప్పు లేదు. వదిలే నీరూ మారలేదు. పంటకు తగిలే దెబ్బ మాత్రం అయిదారు రెట్లు పెరిగింది. పైగా నీరు వేడెక్కితే దానిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే పడుతుంది. భూమి వేడెక్కుతున్నకొద్దీ ఎండలు ముదిరి, వానలు ఒకచోట కుండపోతగా, ఒకచోట లేకుండా కురుస్తున్నవి. కనుక పాత లెక్క ప్రకారం ఇచ్చిన సమ్మతి ఈనాటి వాగుకు సరిపోతుందా అని అడిగే హక్కు మనకున్నది.

ప్రభుత్వం 2008లో వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. దానిలో సుస్థిర వ్యవసాయానికి ప్రత్యేక మిషను వున్నది. 2015 పారిస్ ఒప్పందంలో మన దేశం చేరింది. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సభలో ప్రకటించింది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందటం పౌరుని హక్కు అని చెప్పింది. ఆ మాట వల్ల మన చేతికి ఒక్క రూపాయి కూడా తానుగా రాదు. కాని అర్జీ పట్టుకొని వెళ్ళే రైతు కాళ్ళ కింద నేల కొంత గట్టిపడింది.

మన చేతులు కూడా శుభ్రంగా వుండాలి

ఎగువవాణ్ణి నిలదీసే మనం దిగువవాడికి ఏమి పంపుతున్నామో చూసుకోవాలి. మందు డబ్బాలు, స్ప్రేయర్లు వాగులో కడిగితే ఆ విషం కింది గ్రామంవారి పశువు తాగుతుంది. కోస్తా జిల్లాల్లో రొయ్యల చెరువుల నీటిని కాలువల్లోకి వదలటం మీద 1996 సుప్రీంకోర్టు తీర్పు, 2005 చట్టం వున్నవి. వరి కొయ్యలు తగలబెట్టటం సంగతి చూడండి. ఢిల్లీ చుట్టుపట్ల రాష్ట్రాల్లో 2015లో హరిత ట్రిబ్యునల్ దానిని నిషేధించింది. అక్కడి రైతుకు కట్టవలసిన సొమ్మును 2024 నవంబరులో రెట్టింపు చేశారు: రెండెకరాల లోపువారికి 5 వేలు, అయిదెకరాల లోపువారికి 10 వేలు, అంతకు మించితే 30 వేలు. ఆ పట్టిక ఆ ప్రాంతానిదే. కాని నష్టం ఎక్కడైనా ఒకటే. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని వుంటుంది. కాల్చితే అది దాదాపు అంతా గాలిలో పోతుంది. తరువాత మళ్ళీ యూరియా బస్తా కొనుక్కోవాలి. దున్ని కలపటమే మేలు.

చేయవలసిన పనులు

ఇక పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు వరుసగా చెబుతాను. వీలైతే కాగితం మీద రాసుకోండి.

మొదటిది: నీటి రంగు గాని, వాసన గాని మారిన రోజునే నోటు పుస్తకంలో తేదీ, వేళ, చోటు రాయండి. ఫోనుతో ఫోటోలు తీయండి.

రెండవది: నీరు పట్టండి. శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నింపి బిరడా బిగించండి. మురుగు కలిసే చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి పట్టండి. చల్లగా వుంచి, ఒక్కరోజులో పరీక్షకు చేర్చండి.

మూడవది: కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో పర్యావరణ ఇంజనీరుకు అర్జీ పెట్టండి. 21వ సెక్షను ప్రకారం నమూనా తీయమని కోరండి. నీటి చట్టం కింద జరిగే విచారణలో పరిశ్రమ మురుగుపై చెల్లేది మండలివారు పద్ధతి ప్రకారం పంచి, సీలువేసిన నమూనాయే గాని మన సీసా కాదు. అర్జీని స్పీడు పోస్టులో పంపి రసీదు దాచండి, లేదా చేతికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. కలెక్టరు కార్యాలయంలో సోమవారం ప్రజావాణిలో కూడా ఒక ప్రతి ఇవ్వవచ్చు.

నాలుగవది: పంట నష్టానికి పంచనామా రాయించండి. విస్తరణాధికారి, రెవెన్యూ ఉద్యోగి, సర్పంచి, ఇరుగుపొరుగు రైతులు సంతకాలు చేయాలి. తోటి విస్తరణోద్యోగులారా, రైతు పిలిచిన రోజునే పొలానికి వెళ్ళండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

అయిదవది: ఊరి నీరు వెంటనే ఆగవలసినంత పాడైతే ఆర్డీఓకు రాయండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ప్రజలకు బాధ కలిగించే పనిని ఆపమని ఆయన ఆజ్ఞ ఇవ్వగలరు.

ఆరవది: సమాచార హక్కు చట్టం కింద ఆ పరిశ్రమ సమ్మతి పత్రం, పరీక్షా ఫలితాల ప్రతులు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఏడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు. హరిత ట్రిబ్యునల్‌లో మామూలు వ్యాజ్యానికి ఆరు నెలలే గడువు. తగిన కారణం చూపితే మరి 60 రోజులు. పరిహారం కోరటానికి అయిదేండ్లు. వ్యాజ్యానికి రుసుము తక్కువలో తక్కువ 1,000 రూపాయలు. పరిహారం కోరితే అడిగిన సొమ్ములో నూటికి ఒకటి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. వకీలు లేకుండా స్వయంగా కూడా చెప్పుకోవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇదంతా కార్ఖానా వచ్చిన తరువాత మాట. రాకముందే మాట్లాడే అవకాశం కూడా వున్నది. 2006 ప్రకటన ప్రకారం చాలా పెద్ద పరిశ్రమలకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికలో ప్రకటించాలి. ఆ రోజున పనులు మాని అయినా వెళ్ళండి. మీ మాట నమోదు చేయించండి. వానకు ముందే కప్పు నేయించుకున్నట్టు ఇది కూడా ముందే చేసుకోవలసిన పని.

పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. 2019 యాసంగి పంటకు ఆయనకు పరిహారం రాలేదు. ఆ ఏడాది వానలకు నీరు నిలగట్టి ఉప్పు కడిగి, జీలుగ వేసి కలియదున్ని, నేలను మెల్లగా దారికి తెచ్చుకున్నాడు. బడికి పోయే మనుమడి చేత వారానికొకసారి వాగు నీటి రంగు పుస్తకంలో రాయిస్తున్నాడు. 2023 ఫిబ్రవరిలో నీరు మళ్ళీ రంగు మారింది. మూడో రోజుకే మండలివారు వచ్చి నమూనా తీశారు. ఈసారి దోషం తేలింది. ఆ కాలువ మూయించారు. ఆ సాయంత్రం పెద్దాయన నాకు ఫోను చేసి, "సారూ, ఈ పంటకు తెలిసింది" అన్నాడు.

మీకు కూడా తెలియాలని నా కోరిక.